రెండో పాట దాకా

ఆ ఎండాకాలమంతా మా ఊళ్ళో ఒకే పాట తిరిగింది. ఉత్తరాలు పంచే హిల్కా సైకిలు తొక్కుతూ అదే కూనిరాగం తీసేది. చర్చిలో ఆర్గన్ వాయించే ముసలాయన, ప్రార్థన అయ్యి జనం బయటికి నడుస్తుంటే, వేళ్ళు తెలియకుండా అటు పోయి రెండు వరుసలు వాయించేసి, నాలిక కరుచుకుని ఆపేశాడు. పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ నేనూ అదే పాడుకునేదాన్ని, పాడుతున్నానని తెలిశాక నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఎందుకంటే ఆ పాట బయటికొచ్చింది మా పశువుల కొట్టంలోంచి. దాన్ని పాడేది నా కొడుకు తూరె. వాడి గొంతు వింటే పాలిచ్చే ఆవు వట్టిపోతుంది. అదృష్టం కొద్దీ మాకిప్పుడు ఆవులు లేవు.

ఆవులు పోయాక ఖాళీ అయిన ఆ రాతి కొట్టంలో తూరె, వాడి స్నేహితులిద్దరూ మెటల్ సంగీతం వాయిస్తారు. మా దేశంలో ఇది వింతేమీ కాదు. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు హాకీ ఆడతారు, కొన్ని ఇళ్ళల్లో ఇది వాయిస్తారు, తల్లిదండ్రులు పాపం చేసుకున్న ఇళ్ళల్లో రెండూ చేస్తారు. డ్రమ్ములు కొట్టే హెన్నా పగటిపూట పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అడ్డం తిరిగిన దూడల్ని బయటికి లాగే చేతులవి, ఆ చేతుల కింద డ్రమ్ము గతేమిటో మీరే ఊహించుకోండి. వెయిక్కా అనే పొడుగాటి అబ్బాయి వాళ్ళ తాత ఇచ్చిన అకార్డియన్ వాయిస్తాడు. గిటారూ గర్జనా తూరెవి. ముగ్గురికీ నల్లబట్టలు, నడుము దాకా జుట్టు. అంట్లు తోమమంటే మాత్రం ముగ్గురూ బుద్ధిగా తోముతారు.

ఆ గర్జన కింద ఒక రాగం ఉంది. యెంక్కా అని మా పాత గెంతుడు నాట్యం, దాని రాగం. పైన పిడుగులు పడుతుంటాయి, కింద అమ్మమ్మ కాలు కదుపుతూ ఉంటుంది. అదే దాని మాయ. వినడం మొదలుపెట్టినప్పుడు చెవులు మూసుకుంటాం, సగం అయ్యేసరికి చెవుల మీద చేతులు తీసేస్తాం, అయిపోయాక ఆ రాగం మనతో పాటు ఇంటికొచ్చి మంచమెక్కుతుంది.

అది అంతలా ఎందుకు పట్టుకుంటుందో నేను చాలా ఆలోచించాను. ఆ రాగం మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది. ఇంకా పైకి వెళ్తుంది. అక్కడ ఆగిపోతుంది, కిందికి దిగదు. సరిగ్గా అక్కడ హెన్నా తన ముందున్నవన్నీ ఒక్కసారి మోగించేస్తుంది, పాట అయిపోతుంది. మన బుర్ర మాత్రం దిగే దారి వెతుక్కుంటూ మళ్ళీ మొదటికొస్తుంది.

"మిగతాది ఏదిరా?" అని అడిగాను ఒకరోజు.

"ఇంతే ఉందమ్మా. మామయ్య ఇంతే వేస్తాడు" అన్నాడు తూరె.

మామయ్య అంటే మా అన్న అర్మాస్. నా భర్త పోయాక నేను కొడుకుని తీసుకుని పుట్టింటికి, అంటే అన్న దగ్గరికి వచ్చేశాను. సరస్సు ఒడ్డున ఇల్లు, ఇంటి పక్కన కొట్టం, కొట్టానికి ఆనుకుని సౌనా, అంటే ఆవిరిస్నానాల గది. అన్న సౌనా పొయ్యిలో కట్టెలు పెడుతూ ఈల వేస్తాడు. సాయంత్రం పడవలో వలలు వేస్తూ అదే ఈల వేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. మనిషి బంగారం, కానీ మాటల దగ్గర పరమ పిసినారి. "ఉప్పు ఇటు ఇవ్వు" అన్నాడంటే ఆ పూటకి ఉపన్యాసం అయిపోయిందన్నమాట. ఆ ఈల గోడలోంచి విని తూరె పాట కట్టుకున్నాడు. మా తాతల నాటి రాగమేదో అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటిసారి వాళ్ళు దాన్ని బిగ్గరగా వాయించినప్పుడు అన్న చేపల బకెట్టుతో కొట్టం గుమ్మంలో నిలబడి విన్నాడు. చెవులు రెండూ బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడ్డాయి.

"ఏం మామయ్యా, కోపమొచ్చిందా? పాత పాటే కదా, ఎవరిదీ కాదు కదా?" అన్నాడు తూరె గిటారు దించి.

అన్న చాలాసేపు బకెట్టులోకి చూశాడు. "బిగ్గరగా ఉంది" అన్నాడు. పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సరస్సు మీంచి ఈల వినిపించలేదు. మర్నాడు వినిపించింది.

మా ఇంటికి ఎదురుగా, నీళ్ళకి అవతల, ఒక పసుపు రంగు ఇల్లు ఉంటుంది. అందులో వియెనో ఉంటుంది. చిన్నప్పుడు నేనూ తనూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. వయసులో అన్న ఒక వేసవంతా ఆమెతో నాట్యం చేశాడు. తర్వాత నదిలో దుంగలు తేల్చే పనికి ఉత్తరానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె స్కూలు మాస్టారిని పెళ్ళి చేసుకుని ఆ పసుపు ఇంట్లో కాపురముంది. మాస్టారు మంచివాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి వియెనో వేసవిలో ప్రతి శనివారం తన పడవలో తానే తెడ్డేసుకుంటూ నాట్యమండపానికి వస్తుంది. ఆ సాయంత్రమంతటికీ అన్న ఒక్కసారే మండపం గోడ దగ్గర్నుంచి కదులుతాడు. యెంక్కా మొదలవగానే వెళ్ళి, ఆమె ముందు తల వంచుతాడు.

మా మండపం సరస్సు మూలన ఉంటుంది. చెక్కతో కట్టింది, గుండ్రంగా, పైన కప్పు, చుట్టూ కిటికీలు. ఒక గోడవార మగవాళ్ళు, ఒక గోడవార ఆడవాళ్ళు. కాఫీ, యాలకుల బన్నులు అమ్మే కిటికీ నాది. నాట్యం చేసేవాళ్ళ మోచేతులు నా గిన్నెలకి తగిలేంత దగ్గర. అక్కడ పాటలు జంటగా వస్తాయి. ఒక వరసలో రెండు. ఎవరైనా పిలిస్తే ఆ రెండు పాటలూ కలిసి ఆడాలి. మొదటి పాటకే వదిలేసి వెళ్ళడం చెంపదెబ్బ కొట్టడంతో సమానం. మొదటి పాట అయ్యాక జంటలన్నీ విడిపోకుండా నేల మీద అలాగే నిలబడి రెండో పాట కోసం ఎదురుచూస్తాయి. వాయిద్యగాళ్ళు గుక్క తిప్పుకునేంత సేపు. ఆ కాస్త సందులోనే మా ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు కుదిరాయి. మిగతా సమయంలో మేం మాట్లాడుకునే రకం కాదు.

ఆ సందులో ప్రతి శనివారం అన్న గుండెల నిండా గాలి పీల్చుకోవడం నేను చూస్తాను. పెదవులు విడతాయి. రెండో పాట మొదలవుతుంది. పీల్చిన గాలి అలాగే వదిలేస్తాడు. ఇన్నేళ్ళుగా ఇదే. వియెనోని చూసినప్పుడల్లా నా నోటిదాకా వచ్చే పిలుపు ఒకటుంది, దాన్ని మింగేసి "రా వియెనో, కాఫీ తాగు" అంటాను.

ఆగస్టు మొదట్లో వియెనో కిరాణా కొట్టు దగ్గర కనిపించింది. చేతిలో ఖాళీ అట్టపెట్టెలు.

"పెట్టెలెందుకే?" అన్నాను.

"తుర్కు పట్నం వెళ్ళిపోతున్నా రౌనీ. మా చెల్లెలు ఒక్కతే ఉంటోంది, రమ్మని పోరు పెడుతోంది. ఇల్లు అమ్మకానికి పెడతా. సోమవారం లారీ వస్తుంది."

"శనివారం డాన్సుకి?"

"ఆఖరిది కదా, రాకుండా ఎలా ఉంటా?" అంది. పెట్టెల వైపు చూస్తూ, "చలికాలంలో ఆ ఒడ్డు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది రౌనీ. సరస్సు గడ్డకట్టాక ఒక్క చప్పుడూ ఉండదు" అంది.

నేను ఇంటికి వెళ్ళి అన్న ఎదురుగా కూర్చున్నాను. వల బాగుచేసుకుంటున్నాడు. విషయం చెప్పాను. చేతులు ఆగలేదు, కానీ వేసిన ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారిపోయింది.

"విన్నావా?"

"విన్నా."

"శనివారం ఆఖరిసారి. ఆ రెండు పాటల మధ్యలో నోరు తెరు అన్నయ్యా. అక్కడ కాకపోతే ఇంకెక్కడా కాదు."

"టైము చాలదు" అన్నాడు.

"ఎంతసేపు కావాలేంటి నీకు?"

నిజంగానే ఆలోచించాడు. వల ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి అవతలి ఒడ్డు చూస్తూ ఆలోచించాడు. "తెలీదు. ఎప్పుడూ సరిపోలేదు" అన్నాడు.

నాకు అన్న మీద కోపమొచ్చింది, జాలేసింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

శనివారం మధ్యాహ్నం నేను మండపంలో బన్నులు సర్దుతుంటే ఊరి సంఘం అధ్యక్షుడు ఉర్హో ఎర్రగా కందిపోయి వచ్చాడు. టై కట్టుకున్నాడు. ఉర్హో టై కట్టుకున్నాడంటే ఏదో ఉపద్రవమే.

"మునిగిపోయాం రౌనీ. ఆర్కెస్ట్రా వాళ్ళ వ్యాను దుప్పిని గుద్దేసింది."

"అయ్యో, మనుషులకేమన్నా?"

"మనుషులు బాగానే ఉన్నారు, దుప్పి కూడా లేచి అడవిలోకి పోయిందట. వ్యానే గోతిలో ఉంది. బయటికి లాగి ఇక్కడికొచ్చేసరికి సగం సాయంత్రం అయిపోతుంది. జనానికి ఏం చెప్పను?"

"మావాడున్నాడుగా" అన్నాను.

"మీవాడా! ఆ జుట్టుపిశాచాలా? ఇది పెద్దమనుషుల మండపం రౌనీ. మా అమ్మ వస్తుంది ఇవాళ. ఆ అరుపులకి పోతే ఎవరిది పూచీ?"

"మీ అమ్మ నిన్న చెప్పుల కొట్టులో ఆ పాటే పాడుకుంటోంది. నేను విన్నాను."

ఉర్హో టై సడలించుకున్నాడు. "అరవకూడదని చెప్పు" అన్నాడు.

"చెప్తా. చెప్పడం వరకే నా పని."

సాయంత్రానికి గాలి ఆగిపోయింది. ఎండ ఇంకా చెట్ల చివర్లలో ఉంది, కానీ నీళ్ళ మీద పొగమంచు పుట్టడం మొదలైంది. ఆగస్టులో మా సరస్సు అంతే, పగలు వేడి తాగి సాయంత్రం తెల్లగా వదులుతుంది. కిటికీల బయట ఒడ్డు కనిపించడం మానేసింది. మండపం దేనికీ తగులుకోకుండా మబ్బులో తేలుతున్నట్టుంది. వియెనో పడవ ఆ తెలుపులోంచే వచ్చింది. ముందు తెడ్ల చప్పుడు, తర్వాత ఆమె నీలం గౌను. పడవ రేవుకి కట్టి, రబ్బరు బూట్లు విప్పి, సంచిలోంచి నాట్యం చెప్పులు తీసి వేసుకుంది. అన్న మగవాళ్ళ గోడ దగ్గర ఉన్నాడు. జుట్టు నీళ్ళతో తడిపి దువ్వుకున్నాడు.

వేదిక మీద నా కొడుకూ హెన్నా వెయిక్కా మూడు కాకుల్లా నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మొదట వాయించిన రెండింటికీ ఒక్క మనిషి కదల్లేదు. చేతులు కట్టుకుని చూశారు. తూరె అరవకుండా పాడబోయి దగ్గాడు. ఉర్హో కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వెయిక్కా అకార్డియన్ మీద ఆ రాగం ఎత్తుకున్నాడు. ఒక్కటే, మెల్లగా. కింద నుంచి హెన్నా అడుగు వేసింది, యెంక్కా అడుగు. గిటారు వచ్చి పడింది, చెక్క నేల నా కాళ్ళ కింద వణికింది, కప్పులు పళ్ళేల్లో గలగలలాడాయి. ఊరు ఊరంతా ఒకేసారి కదిలింది. కాళ్ళు వాళ్ళని అడగలేదు. ఉర్హో వాళ్ళ అమ్మ ఎవరి చెయ్యో దొరకబుచ్చుకుని ముందు గెంతింది. మగవాళ్ళ గోడలోంచి నా అన్న బయటికొచ్చి, నేల దాటి, వియెనో ముందు తల వంచాడు. ఆమె లేచింది.

వాళ్ళు నాట్యం చేస్తుంటే చూడటం నాకిష్టం. మా అన్న ఒడ్డున బరువుగా నడిచే మనిషి. ఆమెతో ఆడుతున్నప్పుడు ఆ బరువు ఎక్కడో వదిలేస్తాడు. తూరె అరవకూడదన్న సంగతి మర్చిపోయి అరిచాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ అరుపు కూడా చెట్లలో గాలిలాగా ఆ వేడుకలో కలిసిపోయింది. రాగం మెట్లెక్కింది, ఇంకా ఎక్కింది, అందరూ దానితో పాటు ఎక్కారు. హెన్నా అన్నీ ఒక్కసారి మోగించింది. పాట ఆగిపోయింది.

జంటలు ఆగి, చేతులు వదలకుండా, రెండో పాట కోసం నిలబడ్డాయి.

వేదిక మీద ముగ్గురూ కదల్లేదు. నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్ళు ఆడేచోట పాట అవగానే జనం కేకలు పెడతారు, ఈలలు వేస్తారు. ఇక్కడ ఊరంతా బొమ్మల్లా నిలబడిపోయింది. చప్పట్లు లేవు, ఒక్క మాట లేదు. పిల్లలు ఈ మండపం మెట్లు ఎప్పుడూ ఎక్కినవాళ్ళు కాదు, జంట పాటల సంగతి వాళ్ళకేం తెలుసు? జనానికి ఒళ్ళు మండిందనుకున్నారు. తూరె ముఖం సున్నం కొట్టినట్టుంది. నేల మీదున్నవాళ్ళేమో వాయిద్యాలు శ్రుతి చేసుకుంటున్నారని అనుకున్నారు. సంగీతగాళ్ళని తొందరపెట్టడం మర్యాద కాదు. మొదటి పాటకే జంట వదిలి వెళ్ళడం అసలే కాదు. కాబట్టి అందరూ నిలబడ్డారు. వాళ్ళు వీళ్ళ కోసం, వీళ్ళు వాళ్ళ కోసం. ఇలాంటి తెలివితక్కువ పని భూమ్మీద మేం తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

"ఒరేయ్, రెండోది వాయించరా!" అని అరవడానికి నేను కిటికీలోంచి తల బయట పెట్టాను. నోరు తెరిచాను.

కిటికీ కిందే అన్న నిలబడి ఉన్నాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పెదవులు విడ్డాయి. రెండో పాట మొదలవలేదు.

నేను నోరు మూసేసుకున్నాను. తూరె నా వైపే చూస్తున్నాడు, ఏం చెయ్యమంటావని. చెయ్యెత్తి అరచెయ్యి చూపించాను. ఆగు. చిన్నప్పుడు సరస్సు మీద మంచు పలచగా ఉన్నప్పుడు ఒడ్డునుంచి అదే చెయ్యి చూపించేదాన్ని. వాడు గిటారు తీగల మీద అరచెయ్యి పెట్టి రాయిలా నిలబడ్డాడు. ఉర్హో వేదిక వైపు ఉరకబోతున్నాడు. మెడ దగ్గర టై పట్టుకుని లాగి, నోట్లో బన్ను కుక్కాను.

"పొగమంచు దిగింది" అన్నాడు మా అన్న.

నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళు దాచుకున్నది ఇదా!

"దిగింది" అంది వియెనో.

బయట ఎక్కడో నీటికోడి అరిచి ఊరుకుంది. నేల మీదున్నవాళ్ళంతా తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. వినకపోవడానికి వీల్లేదు, చూడటం బాగుండదు.

"సోమవారం లారీ అట" అన్నాడు.

"అవును, సోమవారం."

అన్న మళ్ళీ గాలి పీల్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కొట్టం గుమ్మంలో నిలబడిన రోజులాగే. "ఆ పాట" అన్నాడు, ఆగాడు. "పిల్లలు పాతదనుకుంటున్నారు. పాతది కాదు. నేను కట్టింది. ఉత్తరాన దుంగలు తేలుస్తున్నప్పుడు. నీకోసం."

ఉర్హో నోట్లో బన్ను నమలడం ఆపేశాడు.

"నాకు తెలుసు అర్మాస్" అంది వియెనో.

"నీకెలా తెలుసు?"

"నీళ్ళ మీద చప్పుడు ఎంత దూరం నడుస్తుందో వలలు వేసే నీకు నేను చెప్పాలా? నీ ఈల నా వంటింట్లో పడేది. మాస్టారున్నప్పుడు కిటికీ వేసేసుకునేదాన్ని. ఆయన పోయాక తీసిపెట్టాను."

"వింటున్నావని నాకు తెలీదు."

"వినాలనే కదా వేసింది?"

అన్న జవాబుకి చాలాసేపు తీసుకున్నాడు. ఎంత కావాలంటే అంత టైముంది ఇవాళ. "ఆఁ" అన్నాడు. "వినాలనే."

"మరి సగమే ఎందుకు వేసేవాడివి?" ఆమె గొంతు ఒక్కసారి మారిపోయింది, అందులో ఇన్నేళ్ళ ఉడుకుమోత్తనం ఉంది. "పైకి తీసుకెళ్ళి అక్కడ వదిలేసేవాడివి. ప్రతి సాయంత్రం! గుమ్మంలో కూర్చునేదాన్ని, ఇవాళైనా కిందికి దించుతాడేమోనని. దించేవాడివి కాదు. పొయ్యి మీద చేపలు మాడిపోయేవి."

"మిగతాది రాలేదు నాకు" అన్నాడు అన్న నేల చూస్తూ. "ఎంత ప్రయత్నించినా రాలేదు."

"నాకు వచ్చింది" అంది వియెనో.

ఆమె పాడింది. మాటల్లేవు, పెదవులు మూసుకునే. అన్న వదిలేసిన ఆ చివరి మెట్టు మీదనుంచే ఎత్తుకుంది. కాసేపు అక్కడే అటూ ఇటూ చూసినట్టు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టింది. ఎక్కినంత హుషారుగా కాదు, తొందర లేకుండా, చీకట్లో ఇంటిమెట్లు తెలిసిన పాదం దిగినట్టు. ఆ మండపంలో ఉన్న ప్రతి మనిషి బుర్రలో ఎండాకాలమంతా తిరిగి తిరిగి అలిసిపోయిన ఆ రాగం, దిగే దారి దొరికి, మెల్లగా నేల మీద కాలు మోపింది. హిల్కా చేత్తో నోరు మూసుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, తుడుచుకోలేదు. కాఫీ గిన్నె చేతిలో ఉంది.

వేదిక మీద వెయిక్కా కళ్ళు మూసుకుని అకార్డియన్ తెరిచాడు. ఆమె వెంట, ఒక అడుగు వెనగ్గా, అదే రాగం పట్టుకున్నాడు. తూరె నా వైపు చూశాడు. నేను చెయ్యి దించాను.

అప్పుడు రెండో పాట మొదలైంది. ముందు అన్న సగం, తర్వాత వియెనో సగం, మళ్ళీ మొదటినుంచి. గిటారు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి, నేల మళ్ళీ వణికింది, మండపం పొగమంచులో ఊగింది. తూరె గర్జించాడు. వాడి గొంతులో అంత ఆనందం ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. ఉర్హో వాళ్ళ అమ్మ "ఇదిరా పాటంటే!" అని కొడుకు వీపు మీద చరిచింది. అన్నా వియెనో ఎవరినీ చూడకుండా, గెంతుతూ, తిరుగుతూ, నా కిటికీ ముందునుంచి దాటి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ హోరులో నాకు ఒక్క ముక్క వినపడలేదు, అదే మంచిదైంది.

పాట అయిపోయాక మగవాడు జంటని తీసుకెళ్ళి ఆడవాళ్ళ గోడవారన బల్ల మీద దిగబెట్టి, తల వంచి వెళ్ళిపోవాలి. అందరూ తమ తమ జంటల్ని అలాగే దిగబెట్టారు. అన్న వియెనో చెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిచాడు. అక్కడ ఆగలేదు. బల్ల దాటాడు, తలుపు దాటాడు, మెట్లు దిగాడు.

"బల్ల ఇటు కదా, అటు పోతాడేంటి?" అన్నాడు ఉర్హో అయోమయంగా.

"నువ్వు ఇంకో బన్ను తిను" అన్నాను.

కాఫీ గిన్నె అలాగే పట్టుకుని నేను రేవు మీదికి వెళ్ళాను. వియెనో పడవ కట్టినచోటే ఉంది. అన్న పడవ లేదు. ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఎడమవైపు వెళ్తే పసుపు ఇల్లు, కుడివైపు వెళ్తే మా ఇల్లు. తెడ్ల చప్పుడు వినిపిస్తోంది కానీ పొగమంచులో అది అన్నివైపుల నుంచీ వస్తోంది. ఆమెని ఇంటి దగ్గర దింపి, తల వంచి వచ్చేస్తాడేమో, మా అన్న సంగతి నాకు తెలుసు.

అప్పుడు ఈల మొదలైంది. మెట్లెక్కి పైన ఆగింది. ఆగినచోట ఆడగొంతు అందుకుని కిందికి దిగింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. మళ్ళీ ఈల, మళ్ళీ ఆ గొంతు. కొంచెం దూరంగా. కొంచెం కుడివైపుగా. ఇంకా కుడివైపుగా.

ఈల ఆగింది.

"రౌనీ!" పొగమంచులోంచి వియెనో కేక. పక్కనే నిలబడి పిలిచినంత స్పష్టంగా ఉంది. "అక్కడే ఉన్నావని తెలుసు! సోమవారం ఆ లారీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పు, సామాను తుర్కు కాదు, ఇటు వైపుకి తేవాలని!"

"ఇల్లంతా వలలూ చేపల వాసనా!" అని అరిచాను. "పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి, ఏమనుకోకు!"

"మీ అన్నతో తోమిస్తాలే!"

మా అన్న నవ్వాడు. పెద్దగా, గొంతు విప్పి. ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

ఇన్నేళ్ళు మింగిన మాట అప్పుడు నోట్లోకి వచ్చింది. ఈసారి మింగలేదు. గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి అరిచాను.

"అలాగే వదినా!"

ఆ మాట నీళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, కనిపించని ఒడ్డుకి తగిలి, తిరిగి నా దగ్గరికి వచ్చింది.